కాన్ఫరెన్సులు మారేది మీరు, ప్రయాణాలు చేసేది మా పిల్లలు: ఒక తల్లి బహిరంగ లేఖ

అమెరికా కళాశాల క్రీడా కాన్ఫరెన్సుల కమిషనర్లకు, విశ్వవిద్యాలయాల అధ్యక్షులకు, పాలక మండళ్ళ సభ్యులకు,

నమస్కారం.

నేను 20 ఏళ్ళకు పైగా పశ్చిమ తీరంలో ఉంటున్న తెలుగు తల్లిని. మా అమ్మాయి ఇక్కడి ఒక విశ్వవిద్యాలయం తరఫున సాకర్ ఆడుతోంది. కాన్ఫరెన్స్ (విశ్వవిద్యాలయాల జట్లు కలిసి ఆడే కూటమి) మారాక పిల్లలకు పెరిగిన ప్రయాణాల గురించి, పోతున్న క్లాసుల గురించి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని రెండు లైన్ల జవాబు వచ్చింది. తర్వాతి రెండింటికి అదీ రాలేదు. అందుకే ఇంగ్లీషులో పంపిన ఆ ఉత్తరాల్లోని మాటలనే ఇప్పుడు తెలుగులో అందరి ముందూ పెడుతున్నాను.

తెలుగులో ఎందుకంటే, శనాదివారాలు పిల్లల్ని కార్లో ఎక్కించుకుని టోర్నమెంట్లకు తిరిగే మన తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. నెల్లూరు మూలాలున్న నిషేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో కాలేజీ టెన్నిస్ ఆడాడు. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. ఆ రోజు ఎన్ని తెలుగు ఇళ్ళల్లో కేకలు పెట్టి ఉంటారో నేను ఊహించగలను. కాలేజీ క్రీడల మీద ఆశ పెట్టుకున్న ఆ ఇళ్ళవాళ్ళకు, పిల్లలు కాలేజీ జట్టులో చేరతామని సంతకం పెట్టే ముందే ఈ సంగతులు తెలియాలి.

కొత్తవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ పెద్ద విశ్వవిద్యాలయాలు దాదాపు అన్నీ ఏదో ఒక కాన్ఫరెన్స్‌లో సభ్యులుగా ఉంటాయి. సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లు ఎవరితో ఆడాలో, టీవీ హక్కుల డబ్బు ఎలా పంచుకోవాలో కాన్ఫరెన్సే చూస్తుంది. నేను నాగార్జున యూనివర్సిటీ తరఫున ఖోఖో ఆడిన రోజుల్లో మాకు సౌత్ జోన్ ఉండేది. చుట్టుపక్కల రాష్ట్రాల జట్లతో ఆడేవాళ్ళం, రైల్లో వెళ్ళి రైల్లో వచ్చేవాళ్ళం. ఏ యూనివర్సిటీ అయినా ఎక్కువ డబ్బు వస్తుందని జోన్ మార్చుకోవచ్చనే ఆలోచనే అప్పట్లో ఎవరికీ లేదు. ఇక్కడి కాన్ఫరెన్సులు కూడా మొదట అలా ఇరుగుపొరుగు కూడి పెట్టుకున్నవే. 1915లో పోర్ట్‌లాండ్‌లో మొదలైన పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ వారసత్వం నుంచే పశ్చిమ ప్రాంతపు పన్నెండు విశ్వవిద్యాలయాల పాక్-12 వచ్చింది.

అది ఎలా చెదిరిందో మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా వరసగా రాస్తాను, ఎందుకంటే మాలాంటివాళ్ళం ఆ వార్తలన్నీ పేపర్లో చదివే తెలుసుకున్నాం. 2022 జూన్ 30న లాస్ ఏంజెలిస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్ఏ పాక్-12ను వదిలి బిగ్ టెన్ అనే మరో పెద్ద కాన్ఫరెన్స్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాయి. రెండు నెలలు తిరక్కుండానే బిగ్ టెన్ ఏడేళ్ళకు దాదాపు 700 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం చేసుకుంది. 2023 జులై చివర్లో కొలరాడో ఇంకో కాన్ఫరెన్స్ బిగ్ 12కు వెళ్ళిపోయింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు విశ్వవిద్యాలయాలు బయటికి నడిచాయి. ఆరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లోకి వెళ్ళాయి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12లోకి వెళ్ళాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్కిలీలోని కాల్ (కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్ ఏసీసీలో చేరాయి. పన్నెండింటిలో మిగిలినవి రెండే: ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్.

మా అమ్మాయి 2022 నవంబరులో సంతకం పెట్టింది. ఆ కాగితం పేరు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్. నువ్వు సంతకం పెడుతున్నది విశ్వవిద్యాలయంతో, కోచ్‌తో కాదు అని అందులో ఉంది. మాట తప్పితే ఒక సీజన్ ఆడే అర్హత పోతుందని కూడా ఉంది. నేను రెండుసార్లు చదివి, తనతో కూడా చదివించాను. విశ్వవిద్యాలయం కాన్ఫరెన్స్ మార్చుకుంటే ఏమవుతుందన్నది మాత్రం అందులో ఒక్క లైను కూడా లేదు. (ఆ పద్ధతిని 2024 అక్టోబరులో తీసేశారు. తర్వాత వచ్చిన ఒప్పందాల్లోనూ ఈ ఖాళీని పూడ్చినట్టు నేను చూడలేదు.) 2023 ఆగస్టులో తను ప్రీ-సీజన్ శిబిరానికి చేరి మూడు రోజులైందో లేదో, ఎవరితో ఆడతానని అనుకుని చేరిందో ఆ కాన్ఫరెన్స్ విరిగిపోయింది. ఆ సాయంత్రం ఫోన్ చేసి, ‘అమ్మా, మాకూ ఇప్పుడే ఫోన్లో వార్త చూసి తెలిసింది’ అంది. కోచ్‌కు కూడా ముందుగా తెలియదట.

ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్టు అని మా ఊళ్ళో అంటారు. ఎవరి కాళ్ళు ఎక్కడెక్కడ విరిగాయో కింద అంకెలు వేసి రాస్తున్నాను.

1. చదువు. ఇది అన్నింటికన్నా ముందుది, ఎక్కువ రాయాల్సింది కూడా. మహిళల సాకర్‌లో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఎక్కువగా గురువారం, ఆదివారం ఉంటాయి. ప్రత్యర్థి పక్క రాష్ట్రంలో ఉన్నప్పుడు గురువారం పొద్దున బయల్దేరినా సరిపోయేది. ఇప్పుడు తూర్పు తీరంలో మ్యాచ్ ఉంటే మంగళవారం రాత్రో, బుధవారం పొద్దునో విమానం ఎక్కాలి. లాస్ ఏంజెలిస్ నుంచి న్యూజెర్సీకి దాదాపు 3,900 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న విమాన దూరానికి మూడింతలు. పైగా మూడు గంటల టైమ్ తేడా. ఆదివారం మ్యాచ్ అయ్యాక ఎయిర్‌పోర్టుకు వెళ్ళి, మధ్యలో ఇంకో విమానం మారి, హాస్టల్ గదికి చేరేసరికి సోమవారం తెల్లవారుజాము రెండు దాటుతుంది. ఎనిమిదిన్నరకు కెమిస్ట్రీ ల్యాబ్. ల్యాబ్ తప్పితే మళ్ళీ చేయించరు.

ఒకసారి షికాగో ఎయిర్‌పోర్టులో నేల మీద కూర్చుని, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని క్విజ్ రాసింది. సగంలో నెట్ పోయింది. ప్రొఫెసర్ మంచివారు, ఇంకో అవకాశం ఇచ్చారు. అందరూ ఇవ్వరు, ఇవ్వాలనీ లేదు. ఇంజనీరింగ్, నర్సింగ్ లాంటి కోర్సుల్లో ఉన్న పిల్లలు సీజన్ సెమిస్టర్‌లో ముఖ్యమైన క్లాసు తీసుకోకుండా వాయిదా వేస్తున్నారు. ఆ వాయిదాల ఖర్చు చివర్లో ఇంకో సెమిస్టర్ రూపంలో ఇంటిమీదకే వస్తుంది.

పిల్లలు ఆటకు వారానికి 20 గంటలకు మించి ఇవ్వకూడదని కాలేజీ క్రీడలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నియమం. మంచిదే. కానీ పోటీ ఉన్న రోజు ఎంతసేపు పట్టినా దాన్ని 3 గంటలుగానే లెక్కవేస్తారు. విమానంలో, ఎయిర్‌పోర్టులో, బస్సులో గడిచే సమయం ఆ 20 గంటల్లోకి రానే రాదు. జట్లు బస్సుల్లో తిరిగిన కాలానికి రాసిన లెక్క అది. ఖండం ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ కూడా అదే లెక్క చూపించి, నియమాలు పాటిస్తున్నామని మీరు చెబుతున్నారు.

2. ఒంటి మీద పడే భారం. ఆడి వచ్చిన కాళ్ళతో ఐదు గంటలు ఎకానమీ సీట్లో ముడుచుకుని కూర్చుంటే కండరాలు ఎలా పట్టేస్తాయో ఏ ట్రైనర్‌ని అడిగినా చెబుతారు. ఇక నిద్ర సంగతి చెప్పక్కర్లేదు. ఫుట్‌బాల్ జట్లు (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) చార్టర్ విమానాల్లో వెళ్ళి వస్తాయి. మా పిల్లల్లాంటి జట్లలో ఎక్కువ మంది మామూలు విమానాల్లోనే తిరుగుతారు, కనెక్షన్ తప్పితే అక్కడే ఉండిపోతారు.

3. వెనక మిగిలిపోయినవాళ్ళు. వాషింగ్టన్ స్టేట్ ఉన్న పుల్‌మన్, ఆరెగన్ స్టేట్ ఉన్న కొర్వాలిస్ రెండూ విశ్వవిద్యాలయం చుట్టూ బతికే చిన్న ఊళ్ళు. మ్యాచ్ ఉన్న శనివారం హోటల్ గదులు, టిఫిన్ సెంటర్లు, పెట్రోలు బంకులు నిండితేనే అక్కడ చాలా ఇళ్ళల్లో నెల గడుస్తుంది. ఆ రెండు విశ్వవిద్యాలయాలు 2023 సెప్టెంబరులో కోర్టుకు వెళ్ళాయి. కాన్ఫరెన్స్ మీద నియంత్రణ తెచ్చుకోవడానికి డిసెంబరు దాకా పోరాడాల్సి వచ్చింది. చివరికి వెళ్ళిపోతున్న పది విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కటి 65 లక్షల డాలర్లు, మొత్తం 6.5 కోట్ల డాలర్లు వదులుకునేలా రాజీ కుదిరింది. 2024లో ఆడటానికి ప్రత్యర్థులే దొరక్క, మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్‌కు 1.4 కోట్ల డాలర్లు కట్టి ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. 2025 జూన్‌లో వాషింగ్టన్ స్టేట్ తన అథ్లెటిక్స్ జట్టును ప్రధానంగా దూరపు పరుగుల వైపు మళ్ళించి, ఫీల్డ్ అంశాలు (దూకడం, విసరడం) ఆపేసింది, స్ప్రింట్లు, హర్డిల్స్‌లో అవకాశాలు తగ్గించింది. దీనికి కాన్ఫరెన్స్ చెదిరిపోవడం ఒక్కటే కారణమని నేను అనడం లేదు. కానీ జావెలిన్ విసరడానికి అక్కడికి వెళ్ళిన పిల్ల ఇప్పుడు ఎవర్ని అడగాలి?

4. ఒకరి ఖాళీ ఇంకొకరి ఇంట్లో తేలుతుంది. వెళ్ళిపోయినవారి స్థానంలో కొత్తవారిని తెచ్చే పద్ధతి చూడండి. 2021లో టెక్సస్, ఓక్లహోమా బిగ్ 12ను వదిలి ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్స్ ఎస్ఈసీకి వెళ్తామన్నాయి. గడువుకు ముందే వెళ్ళడానికి రెండూ కలిపి 10 కోట్ల డాలర్లు ఇచ్చుకున్నాయి. ఆ ఖాళీ కోసం బిగ్ 12 నాలుగు విశ్వవిద్యాలయాలను పిలిచింది. వాటిలో సిన్సినాటి, హ్యూస్టన్, సెంట్రల్ ఫ్లోరిడా, ఈ మూడూ ‘అమెరికన్’ అనే కాన్ఫరెన్స్‌వి. ఒక్కొక్కటి 1.8 కోట్ల డాలర్లు కట్టి బయటపడ్డాయి. అమెరికన్ కాన్ఫరెన్స్ వెళ్ళి కాన్ఫరెన్స్ యూఎస్ఏ నుంచి ఆరింటిని తెచ్చుకుంది. కాన్ఫరెన్స్ యూఎస్ఏ తన కన్నా చిన్నవాటి మీద పడింది. పైన ఇద్దరు కదిలితే కింద చివరి మెట్టు మీద ఉన్న చిన్న కళాశాల జట్టు కొత్త రాష్ట్రాలకు ప్రయాణం కట్టింది.

పాక్-12 విషయంలోనూ అంతే. మిగిలిన రెండు 2024 సెప్టెంబరులో మౌంటెన్ వెస్ట్ నుంచి బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్‌లను పిలిచాయి. ఆ సీజన్‌కు మ్యాచ్‌లు ఇచ్చి తమను ఆదుకున్న కాన్ఫరెన్స్ నుంచే పిలిచాయి. సభ్యులను లాక్కుంటే మొదటి విశ్వవిద్యాలయానికి కోటి డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 5 లక్షలు పెంచుకుంటూ కట్టాలని ఆ మ్యాచ్‌ల ఒప్పందంలోనే ఉంది. ఐదింటికి 5.5 కోట్ల డాలర్లు. ఆ షరతు చెల్లదని పాక్-12 ఫెడరల్ కోర్టుకెక్కింది. ఆ రెండు విశ్వవిద్యాలయాల మీద నాకు సానుభూతి ఉంది, పైనే రాశాను. కానీ దెబ్బతిన్నవాళ్ళు కూడా అదే పని పక్కవాళ్ళకు చేయక తప్పని పరిస్థితి తెచ్చిన పద్ధతిలోనే తప్పుంది. గ్రాండ్ కానియన్ సంగతి కూడా ఇలాంటిదే. 2024 మేలో వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరతామంది. అందులో అడుగుపెట్టకముందే, నవంబరులో మౌంటెన్ వెస్ట్‌కు మాట ఇచ్చింది. ఆ ఆర్నెల్లలో అక్కడ సంతకం పెట్టిన పిల్లలకు ఏ కాన్ఫరెన్స్ పేరు చెప్పి ఉంటారు?

5. డబ్బు ఎటు పోతోంది. ఏసీసీతో దాని సభ్యులు ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ పెట్టుకున్న కేసులు 2025 మార్చిలో రాజీ అయ్యాయి. దాని ప్రకారం బయటికి వెళ్ళేందుకు కట్టాల్సిన మొత్తం 2026లో 16.5 కోట్ల డాలర్లు, అక్కడి నుంచి ఏటా తగ్గుతూ 2030-31 నాటికి 7.5 కోట్లు అవుతుంది. అంటే వెళ్ళిపోవడానికి ఏ ఏడాది ఎంత అవుతుందో పట్టిక రాసుకున్నారు. కాల్‌కు ఏడాదికి కోటి డాలర్లు ఇవ్వాలని యూసీఎల్ఏకు ఆ రెండింటి పాలక మండలి అయిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ రీజెంట్లు చెప్పారు. నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలన్న సూత్రం మీకు తెలియనిది కాదన్నమాట. విశ్వవిద్యాలయానికి విశ్వవిద్యాలయం ఇస్తోంది, కాన్ఫరెన్స్‌కు సభ్యులు ఇస్తున్నారు. ఈ కోట్లలో ఒక్క డాలరు కూడా పోయిన ల్యాబ్‌కు, అదనపు సెమిస్టర్‌కు, కూతురి ఆఖరి సీజన్ మ్యాచ్‌లు చూడటానికి విమానం టికెట్ కొనలేక టీవీ ముందు కూర్చున్న తల్లిదండ్రులకు వచ్చినట్టు నేను వినలేదు.

ఇవీ జరిగినవి. ఫుట్‌బాల్ తెచ్చే డబ్బుతోనే మిగతా ఆటలు నడుస్తున్నాయని మీరు చెబుతారు. నిజమే, నేను కాదనను. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది (2025-26) 2.05 కోట్ల డాలర్ల దాకా, కాబట్టి మీకు డబ్బు టెన్షన్ ఇంకా పెరిగిందనీ తెలుసు. కానీ ఫుట్‌బాల్ ఎక్కడికి వెళ్తే సాకర్, ఈత, టెన్నిస్, సాఫ్ట్‌బాల్ కూడా దాని వెంటే వెళ్ళి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. నోటర్‌డామ్ ఫుట్‌బాల్ వదిలేసి మిగతా చాలా ఆటలకు ఏసీసీలో ఉంది. హవాయి 2012 నుంచి ఫుట్‌బాల్ మౌంటెన్ వెస్ట్‌లో, మిగతా ఆటల్లో ఎక్కువ భాగం బిగ్ వెస్ట్‌లో ఆడింది. నార్తర్న్ ఇల్లినాయ్ ఫుట్‌బాల్‌కు మాత్రమే మౌంటెన్ వెస్ట్‌లో చేరుతూ, మిగతా ఆటల్లో ఎక్కువ భాగాన్ని దగ్గర్లోని హొరైజన్ లీగ్‌లో పెట్టింది. గొంజాగాకు అసలు ఫుట్‌బాల్ జట్టే లేదు, అయినా కొత్త పాక్-12 దాన్ని పిలిచింది. అవసరం మీదైనప్పుడు ఆటలను విడదీయడం వీలైంది. పిల్లల కోసం కూడా వీలవుతుంది.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి.

1. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ తప్ప మిగతా ఆటలకు ప్రాంతీయ షెడ్యూళ్ళు తిరిగి తీసుకురండి. కాన్ఫరెన్స్ పేరు ఏదైనా పెట్టుకోండి. సీజన్ మ్యాచ్‌లు పొరుగు విశ్వవిద్యాలయాలతో ఆడించి, కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్‌కు మాత్రమే దూరం తీసుకెళ్ళండి. పశ్చిమ తీరంలో పాత పొరుగువాళ్ళు ఇప్పుడు మూడు నాలుగు కాన్ఫరెన్సుల్లో ఉన్నారు, కానీ వాళ్ళ మైదానాలు ఉన్నచోటే ఉన్నాయి. నా మిగతా కోరికలన్నీ పక్కన పెట్టి ఒక్కటే చేస్తామంటే, ఇదే చేయండి.

2. సభ్యత్వం మార్చుకునే నిర్ణయం తీసుకునే ముందు, ఇప్పటికే ఉన్న క్రీడాకారులకు, సంతకం పెట్టిన పిల్లలకు రాతపూర్వకంగా తెలియజేయండి. నిర్ణయం తర్వాత వేరే చోటికి వెళ్తామన్నవాళ్ళను ఏ నష్టమూ లేకుండా పంపండి. ఉంటామన్నవాళ్ళకు, జట్టును రద్దు చేసినా సరే, డిగ్రీ పూర్తయ్యేదాకా స్కాలర్‌షిప్ కొనసాగుతుందని ఒప్పందంలో రాయండి.

3. ఎగ్జిట్ ఫీజుల్లో, సభ్యులను లాక్కున్నందుకు కట్టే మొత్తాల్లో కనీసం పదో వంతు క్రీడాకారుల చదువు నిధికి వెళ్ళాలి. వేసవి క్లాసులు, అదనపు సెమిస్టర్, ట్యూటర్లు, ఆఖరి సీజన్‌లో తల్లిదండ్రుల ఒక ప్రయాణం. ఇంతే.

4. కొత్త సభ్యుడిని పిలిచే ముందు, ఆ చేరిక వల్ల ఒక్కో జట్టు ఎన్ని కిలోమీటర్లు తిరగాలో, ఎన్ని రాత్రులు బయట గడపాలో, ఎన్ని క్లాసు రోజులు కోల్పోతుందో లెక్క వేసి 30 రోజుల ముందు బయటపెట్టండి. టీవీ డబ్బు లెక్క వేయించడానికి కన్సల్టెంట్లను పెట్టుకుంటున్నారు కదా, వాళ్ళతోనే ఇదీ వేయించండి.

5. ప్రయాణ సమయాన్ని 20 గంటల లెక్కలోకి తేవాలని ఎన్‌సీఏఏలో ప్రతిపాదన పెట్టండి. ఆ ఓటు ఉన్నది మీకే, మాకు లేదు.

6. ప్రతి కాన్ఫరెన్స్‌లో విద్యార్థి క్రీడాకారుల సలహా సంఘం ఉంది. సభ్యత్వ నిర్ణయాల మీద ఆ సంఘం అభిప్రాయాన్ని ఓటింగ్‌కు ముందు రాతలో తీసుకుని, యథాతథంగా ప్రకటించండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలైతే పాలక మండలి బహిరంగ సమావేశంలోనే ఓటు వేయాలి.

7. వెళ్ళిపోయేవారు పాత పొరుగువారితో అన్ని ఆటల్లో కనీసం నాలుగేళ్ళు మ్యాచ్‌లు కొనసాగించాలని కాన్ఫరెన్స్ నియమావళిలో చేర్చండి. కోర్టుకెక్కి తెచ్చుకోవాల్సిన పరిస్థితి ఇంకో ఊరికి రాకూడదు.

తెలుగు తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ పిల్లలకు ఆఫర్ వచ్చినప్పుడు స్కాలర్‌షిప్ ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. మీ కాన్ఫరెన్స్ టీవీ ఒప్పందం ఏ ఏడాది ముగుస్తుంది, గత సీజన్‌లో ఈ జట్టు ఎన్ని రాత్రులు బయట గడిపింది, జట్టు రద్దయితే మా అమ్మాయి చదువు సంగతి ఏమిటి అని అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. మేము అడగలేదు, అడగాలని కూడా మాకు తెలియలేదు.

కమిషనర్లకు, అధ్యక్షులకు: మా అమ్మాయికి ఇంకొక్క సీజన్ మిగిలింది. ఆ సీజన్ షెడ్యూలు విడుదల చేసే లోపు మొదటి మూడు కోరికల మీద మీ నిర్ణయం ఏమిటో రాతపూర్వకంగా చెప్పండి. కాదంటే ఎందుకు కాదో కూడా రాయండి. మీరు పిలిస్తే మా జట్టు తల్లిదండ్రులం సొంత ఖర్చులతో ఎక్కడికైనా వచ్చి కూర్చుని మాట్లాడతాం. పిల్లల క్లాసులు ఎన్ని పోయాయో తేదీలతో సహా రాసి ఉంచిన నోటుపుస్తకం కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక సాకర్ క్రీడాకారిణి తల్లి